రెండు చేతులూ సమానమైన పెళ్లికొడుకు

ఉప్పుటేటి బురదలో ఉండే ఆ పీతల్లో మగవాడికి ఒక చెయ్యి పటకారంత, రెండోది పుల్లంత. బొరియ ముందు నిలబడి పెద్ద చెయ్యి ఊపుతూ, "రా పిల్లా, ఇల్లు చూసుకో" అని పిలవడమే వాళ్ల పెళ్లిచూపులు.

సింగారి అనే పీతపిల్లకి ఎవరూ నచ్చలేదు. "అందమంటే రెండు వైపులా ఒకేలా ఉండాలని కొంగమామ చెప్పాడు. వీళ్లవన్నీ వంకర చేతులే!"

"ఓసి పిచ్చిదానా, మీ నాన్న చేతులెప్పుడైనా చూశావా?" అంది మేనత్త.

సింగారి వినకుండా బురదంతా గాలించింది. సాయంత్రానికి దొరికాడు! రెండు చేతులూ చిన్నగా, ముద్దుగా, అచ్చు ఒకేలా ఉన్నాయి. సిగ్గుపడుతూ దగ్గరికెళ్లి, "మీ బొరియ ఎక్కడండీ?" అని అడిగింది.

"బొరియా? నేనూ పెళ్లికొడుకు కోసమే తిరుగుతున్నానక్కా! చేతులు సమానంగా ఉన్నవాణ్నే చేసుకోమని కొంగమామ చెప్పాడు."

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి చూశారు. కొంగమామ ముక్కు తెరుచుకుని మెల్లగా వస్తున్నాడు.

ఆడపిల్లలిద్దరూ దౌడు తీశారు. మసక వెలుతురులో బొరియలు కనబడలేదు. కనబడ్డవల్లా గుమ్మాల ముందు ఊగుతున్న ఆ వంకర చేతులే. వాటినే నమ్ముకుని లోపలికి దూరిపోయారు.