గొంతుకు సరిపడా దారి

ఎక్స్‌రే బొమ్మ సగం వచ్చి ఆగిపోయింది.

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పడేసింది.

"పైన మూడు పక్కటెముకలే కనిపిస్తున్నాయి. మిగతావి రేపు పంపిస్తుందా మీ సర్వరు?"

"ఈరోజే పంపిస్తుంది మేడం," అన్నాడు ఇంజనీరు. తడుముకోలేదు. తన పని మీద అతనికి ఎన్నడూ అనుమానం రాలేదు.

"అన్నట్టు, పై వార్డులో మీ నాన్నగారు ఈమధ్య బాగా తింటున్నారు. మీరు ఆయనతో మాట్లాడుతున్నారా?"

"రిపోర్టులు చూస్తూనే ఉన్నాను మేడం. బీపీ, షుగరు, అన్నీ నా స్క్రీన్ మీదకే వస్తాయి."

నాన్నతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో మాత్రం ఏ రిపోర్టూ చెప్పదు.

ఆసుపత్రి మొత్తానికి ఒక్కటే సర్వరు. దాని లోపల ఎనిమిది వర్చువల్ మిషన్లు. ఎక్స్‌రేలకు ఒకటి, ల్యాబుకు ఒకటి, మందుల కౌంటరుకు ఒకటి, అలా. ఒకే ఇంట్లో ఎనిమిది కాపురాలన్నమాట. బయటికి వెళ్ళడానికి మాత్రం రెండే గుమ్మాలు. రెండు నెట్‌వర్క్ కార్డులు. అందరూ వాటినే పంచుకోవాలి.

గుమ్మంలో తోపులాట ఎవరిదో ఇంజనీరు ఇట్టే పట్టేశాడు. వీడియో మాటల మిషనుది.

పై వార్డులోకి బయటివాళ్ళను రానివ్వరు. అంటురోగాల భయం. చుట్టాలు కింద విజిటర్ల గదిలో స్క్రీన్ ముందు కూర్చుని మాట్లాడతారు. పైన నర్సు మంచం పక్కన ట్యాబు పెడుతుంది.

అతను వెళ్ళేసరికి గదిలో ఒకే ఒక మనిషి ఉన్నాడు. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకున్నాడు.

"పైన మీకు ఎవరున్నారండీ?"

"మా ఆవిడ ఉండేది. పోయింది."

"మరి ఇప్పుడెవరితో మాట్లాడుతున్నారు?"

"పక్క మంచం ఆయనతో."

"చుట్టమా?"

"కాదు. ఓ రోజు మా ఆవిడతో మాట్లాడుతుంటే ఆయన పిలిచాడు. పలికాను."

"రోజూ ఏం మాట్లాడతారు?"

"తిన్నావా అని అడుగుతాను."

ఇంజనీరుకు నవ్వొచ్చింది.

"తిన్నావా అనడానికి ఎక్స్‌రేలు ఆపాలా సార్? సెల్‌ఫోన్లో అడగండి."

"ఆయనకి చూపు లేదు బాబూ. ఫోను వాడలేడు. పోనీ, బొమ్మ తీసెయ్యండి. గొంతు చాలు. గొంతుకి ఎంత దారి కావాలి?"

చాలా కొంచెం కావాలి. ఆ సంగతి ఇంజనీరుకు తెలుసు. ఏ మిషనుకు ఎంతో వాటాలు కట్టే ఏర్పాటు సర్వర్లోనే ఉంది. వెంట్రుకంత వాటా ఇచ్చినా గొంతు వెళ్తుంది.

కాని వాటా కట్టాలంటే కూర్చుని లెక్క చూడాలి. ఆ మిషనుకు గుమ్మమే లేకుండా తీసెయ్యడానికి ఒక నొక్కు చాలు.

"మీకిస్తే అందరూ అడుగుతారు. కాలక్షేపానికి ఇంకో చోటు చూసుకోండి."

తన గదికి వెళ్ళి నొక్కాడు.

మాటల మిషను బతికే ఉంది. దానికి గుమ్మం లేదంతే.

విజిటర్ల గదిలో స్క్రీన్ నల్లబడింది. దారం కళ్ళజోడాయన చొక్కా అంచుతో దాన్ని ఒకసారి తుడిచి చూశాడు. దుమ్ము కాదని అర్థమయ్యాక, కుర్చీని బల్ల కిందికి జరిపి వెళ్ళిపోయాడు.

ఎక్స్‌రేలు పరుగెత్తాయి.

"భేష్," అంది డాక్టరమ్మ.

"చెప్పానుగా మేడం."

వారం తిరక్కుండా ఆమే మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"మీ నాన్నగారు తినడం మానేశారు. ముద్ద పెడితే మొహం తిప్పేసుకుంటున్నారు. ఇలాగే ఉంటే ఎన్నో రోజులు ఆగలేరు. మీరొకసారి మాట్లాడండి."

"నేనడిగితే తింటాడు మేడం. ఒక్కగానొక్క కొడుకుని."

మాటల మిషనుకు తను తీసేసిన గుమ్మాన్ని తనే మళ్ళీ తగిలించాడు. వాటా కూడా కట్టాడు. వెంట్రుకంత కాదు, ధారాళంగా.

విజిటర్ల గదికి వెళ్ళి, బల్ల కింద ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్క్రీన్ వెలిగింది. మంచం మీద నాన్న. కళ్ళు ఇటు చూడటం లేదు. ఎటూ చూడటం లేదు.

కంటి రిపోర్టు అతను ఎప్పుడూ తెరవలేదు.

నాన్న పక్క మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది.

"ఆ మంచం ఎవరిది సిస్టర్?" పైన ట్యాబు సర్దుతున్న నర్సుని అడిగాడు.

"ఒకావిడ ఉండేది సార్. పోయింది. వాళ్ళాయన ఆ తర్వాత కూడా రోజూ వచ్చేవాడు, మీరు కూర్చున్న చోటికే."

ఇంజనీరు గుమ్మం వైపు తిరిగాడు. వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు.

"ఆ దారం కళ్ళజోడాయన ఎక్కడుంటాడు?"

"ఊరొదిలి వెళ్ళిపోయాడు సార్. ఈ మాటల కోసమే ఇన్నాళ్ళూ ఆగానన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు."

ఇంజనీరు మైకు దగ్గరికి వంగాడు.

"నాన్నా, తిన్నావా?"

ముసలాయన తల కాస్త ఎత్తాడు. చెవి రిక్కించి విన్నాడు. మళ్ళీ దిండు మీద వాల్చేశాడు.

"ఎవరు బాబూ?"

"నేను నాన్నా. నీ కొడుకుని."

ముసలాయన మర్యాదకు నవ్వాడు.

"నాచేత తినిపించడానికి డాక్టరమ్మ మిమ్మల్ని కూర్చోబెట్టింది కదూ? ఏమీ అనుకోకండి బాబూ, రోజూ మధ్యాహ్నం నన్ను పలకరించే మా అబ్బాయి గొంతు నాకు తెలీదా?"