కదిలిన వేలు

"ఆయన తీసే ఫోటోలకి అంత పెద్ద కెమెరా దేనికి బాబూ? ఇరవై ఏళ్ళ నుంచి తీస్తున్నారు. ఫోటో బాగా రాలేదని ఒక్కరంటే ఒక్కరు నోరెత్తలేదు!"

గాజుబల్లకు అటువైపు నిలబడ్డ సేల్స్‌మన్ మొగుడి గురించి ఆవిడ అన్న ఆ మాటకు ముక్కున వేలేసుకున్నాడు. కెమెరాల కొట్టులో అతణ్ణి అందరూ జడ్జిగారంటారు. ఎవరికి ఏ కెమెరా కావాలో తీర్పు చెప్పేది అతనే. ఆ తీర్పు తప్పిందని ఇంతవరకు ఎవరూ కెమెరా వెనక్కి పట్టుకురాలేదు. కానీ ఫోటోలో తన మొహం తనకు నచ్చిన మనిషిని మాత్రం అతను ఇన్నేళ్ళలో చూసి ఎరగడు. ముక్కు పెద్దదయిందనో, రంగు తగ్గిందనో ప్రతివాడూ పేచీ పెట్టేవాడే. అలాంటిది ఇరవై ఏళ్ళుగా పేచీయే లేదంటే, ఈ బక్కపలచటి మనిషి ఎంత మొనగాడో!

ఆ మొనగాడు ప్రొఫెషనల్ కెమెరాను రెండు చేతుల్లోకి తీసుకుని చంటిపిల్లను చూసినట్టు చూస్తున్నాడు. మధ్యరకం కెమెరా పలకరించే దిక్కు లేక పక్కన పడి ఉంది.

"మీరు తీసేది మనుషుల్నే కదా సార్?"

"మనుషుల్నే. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. నంబరు పెట్టి తీస్తాను."

గుర్తింపు కార్డుల ఆఫీసు కాబోలు అనుకున్నాడు జడ్జిగారు. "బాగా కదులుతుంటారా?"

భార్య కిసుక్కున నవ్వింది. "వాళ్ళా? రెప్ప కూడా వెయ్యరు!"

"వెలుతురో?"

"ట్యూబులైట్లే. ట్రైపాడ్ ఉంది" అన్నాడాయన.

జడ్జిగారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. "అయితే మధ్యరకం కెమెరా బాడీ చాలు సార్. ఈ పెద్దది పరుగెత్తే గుర్రాల్నీ, ఎగిరే పిట్టల్నీ తీసేవాళ్ళకి. సెకనుకి ముప్ఫై ఫోటోలు కొడుతుంది. కదలని మనిషిని ముప్ఫైసార్లు తీసి ఏం చేసుకుంటారు?"

"అలా గడ్డి పెట్టు బాబూ!" అంది భార్య.

ఆయన కెమెరా కింద పెట్టలేదు. "నిన్న ఒకాయన కదిలాడు నాయనా."

"మళ్ళీ మొదలు!" భార్య తల కొట్టుకుంది. "నిన్నొక ఫోటో చెదిరింది బాబూ. అప్పటి నుంచి ఇదే పాట. అన్నం సయించదు, నిద్ర పట్టదు. వాళ్ళ పెద్దసారు వచ్చి, 'నేను సంతకం పెట్టాక ఆయన కదలడమేమిటయ్యా? నీ చెయ్యే వణికింది' అని చీవాట్లు పెట్టి పోయాడట. అయినా వినరే!"

సంతకం పెట్టాక కదలకూడదనే రూలు జడ్జిగారు ఎక్కడా వినలేదు. ఆఫీసన్నాక ఏ రూలైనా ఉంటుంది లెమ్మని సరిపెట్టుకున్నాడు.

ఆయన జేబులోంచి ఒక ఫోటో తీశాడు. మొహం కనబడకుండా మడిచి, చెయ్యి ఉన్న సగం మాత్రం బల్ల మీద పెట్టాడు. తెల్ల దుప్పటి మీద ఒక ముసలి చెయ్యి. జడ్జిగారు భూతద్దం తీసుకుని వంగాడు. దుప్పటి నేత దారం దారంగా కనబడుతోంది. నాలుగు వేళ్ళూ చెక్కినట్టున్నాయి. చూపుడువేలు మాత్రం చెదిరి రెండు వేళ్ళలా ఉంది.

"మీ చెయ్యి వణికి ఉంటే ఫోటో మొత్తం చెదరాలి సార్. ఇందులో చెదిరింది వేలొక్కటే." అతను భూతద్దం దించాడు. "మీ తప్పేం లేదు. కదిలింది ఆయనే."

ఆయన కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "విన్నావుటే? నిన్నటి నుంచి ఈ మాట అన్నవాడు ఇతనొక్కడే!"

"మరి ఫోన్లో వీడియో తీసి మీ సారు మొహాన పెట్టకపోయారా?" అన్నాడు జడ్జిగారు.

"లోపలికి ఫోన్లు తేనివ్వరు నాయనా. ఉన్నదల్లా ఆఫీసు కెమెరా. ఒక ఫోటో తీస్తే చాలు, దానికి ఆయాసం వస్తుంది. అది తేరుకునేలోగా ఆ వేలు మళ్ళీ మామూలైపోయింది. రేపు పొద్దున్నే వాళ్ళవాళ్ళు వచ్చి ఆయన్ని తీసుకుపోతారు. ఈలోగా మళ్ళీ కదిలితే సరిగ్గా పట్టుకోవాలి. లేకపోతే పెద్దాయనకి ఘోరమైన అన్యాయం జరిగిపోతుంది."

కార్డుల ఆఫీసు కాదు, వృద్ధాశ్రమం అన్నమాట! ఇంటికి తీసుకుపోతే అన్యాయమేమిటో జడ్జిగారికి బోధపడలేదు. ఎలాంటి కొడుకులో ఏమో పాపం అనుకుని, మధ్యరకం కెమెరాను అలమారలో పెట్టేశాడు.

"తీర్పు మారింది సార్. మీకు పెద్దదే కావాలి. చప్పుడు చెయ్యదు. వేలు కాదు, గోరు కదిలినా పట్టేస్తుంది."

"ఇదేం తీర్పయ్యా!" భార్య ఇంకేదో అనబోయి, మొగుణ్ణి ఎగాదిగా చూసి ఆగింది. "అవునూ, మీ స్వెటరేదండీ? నడివేసవిలో కూడా అది లేకుండా డ్యూటీకి వెళ్ళరు కదా?"

"ఆయనకి కప్పి వచ్చాను. అక్కడ చలి ఎలా ఉంటుందో నీకు తెలుసుగా."

ఆవిడ మొహంలో విసుగు మాయమైంది. ఆ మడిచిన ఫోటోను తనవైపు తిప్పుకుని చూసింది. తర్వాత ప్రొఫెషనల్ కెమెరాను తనే జడ్జిగారి ముందుకు తోసింది.

"ఇదే ఇచ్చెయ్యి బాబూ. తొందరగా."

"ఇది చూపించడానికి పెట్టిందమ్మా. కొత్తది గోదాములోంచి తెప్పించి గంటలో మనిషి చేత పంపిస్తాను."

"మంచిది. నేను ఆయన పక్కనే ఉంటాను, అక్కడికే పంపించు" అంటూ ఆయన అప్పుడే గుమ్మం దాటుతున్నాడు.

"ఏ ఆశ్రమం సార్? అడ్రసు చెప్పనే లేదు!" అని వెనక నుంచి కేకేశాడు జడ్జిగారు.

"పెద్దాసుపత్రి మార్చురీ!"