పళ్ళూడిన చక్రం

“మీ బండి పనైపోయిందమ్మా,” అన్నాడు షెడ్డు ఓనరు, గొంతులోకి ఎక్కడలేని జాలి తెచ్చుకుని.

వ్యాన్ అత్త తన బండి వైపోసారి, అతని మొహం వైపోసారి చూసింది.

వాళ్ళ వీధిలో పదకొండు మంది పిల్లల్ని పొద్దున్నే స్కూల్లో దింపి, సాయంత్రం తెచ్చేది ఆవిడే. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆవిడ వ్యాన్ అత్త. ఆ వ్యాను కదిలితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అలాంటిది, ఇవాళ పిల్లల్ని దింపి వస్తుంటే బండి కిందనుంచి కర్రుమని ఒకటే గోల. హడలిపోయి, దగ్గర్లో కనపడ్డ ఈ షెడ్డులో వదిలి వెళ్ళింది. మధ్యాహ్నం వచ్చేసరికి ఇదీ కబురు.

“పనైపోవడమేంటి? వచ్చింది శబ్దమే కదా?”

“గేర్ బాక్స్ విప్పి చూశాం. ఇదిగో, మీరే చూడండి.”

గుడ్డలో చుట్టిన ఇనప చక్రం ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు. నల్లగా, నూనె ఓడుతూ, సగం పళ్ళు ఊడిపోయి ఉంది.

“బాగుచేస్తే కొత్త బండంత అవుతుంది. మీకెందుకా తలనొప్పి? నాకిచ్చేయండి. పాత ఇనుముకంటే నాలుగు డబ్బులు ఎక్కువే వేస్తా. ఉండండి, కాగితాలు తెస్తాను.”

ఓనరు లోపలికి వెళ్ళాడు. వ్యాన్ అత్త ఆ చక్రం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంకో గంటలో స్కూలు వదులుతారు. రేపటినుంచి ఏం చేసి బతకాలి?

“అమ్మాయ్, అది తిప్పి చూడు. వెనక మూడు గీతలుంటాయి.”

గేటు పక్కన బల్ల మీద ఒక ముసలాయన టీ తాగుతున్నాడు. తెగిపోయిన చెప్పుకి తీగ చుట్టుకున్నాడు.

వ్యాన్ అత్తకి అసలే ఒళ్ళు మండిపోతోంది. “నా గొడవలో నీకేం పని తాతా? ఏ షెడ్డువాడు పంపాడు నిన్ను? మనిషికింతని కమిషనా?”

ముసలాయన టీ ఊదుకుని ఇంకో గుక్క తాగాడు.

కోపంగా మొహం తిప్పుకుంది గానీ, మనసాగలేదు. చక్రాన్ని వెనక్కి తిప్పింది.

ఆకురాయితో గీసిన గీతలు. సరిగ్గా మూడు.

“నీకెలా తెలుసు?”

“కస్టమర్ల సామాన్లో కలిసిపోకుండా గుర్తు అది. వచ్చినవాళ్ళందరికీ ఈ చక్రమే చూపిస్తారు. గేర్ బాక్స్ విప్పితే కింద నూనె కారాలి కదా? నీ బండి కింద ఒక్క చుక్క ఉందేమో చూసుకో.”

వంగి చూసింది. వ్యాను కింద దుమ్ము దుమ్ములాగే ఉంది.

“ఓరి వీడి దుంప తెగ!”

“తిట్టడానికి బోలెడంత టైముంది. ఈమధ్య కంకర మీద నడిపావా?”

“నిన్నే స్కూలు ముందు కంకర పోశారు.”

ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. సొంత ఇంట్లోకి వెళ్ళినట్టు షెడ్డులోకి వెళ్ళి, పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని వ్యాను కిందికి దూరాడు. కాగితాలు పట్టుకొస్తున్న ఓనరు అది చూసి వాటిని వీపు వెనక్కి దాచుకున్నాడు.

రెండు నిమిషాలు. టక్కుమంది.

బయటికొచ్చి, ఆవిడ అరచేతిలో శనగగింజంత కంకర రాయి పెట్టాడు.

“బ్రేకు వెనక రేకులో ఇరుక్కుంది. తీసింది రాయైనా సరే, బండిగలవాళ్ళ చేతిలో పెట్టాలి. అదీ పద్ధతి,” అన్నాడు, ఓనరు వైపు చూస్తూ.

ఓనరు తల దించుకున్నాడు.

“గోటితో పోయేదానికి నా మెడ మీదే గొడ్డలి పెట్టావు కదయ్యా!” అని ఓనర్ని కడిగేసి, చక్రం అక్కడే పారేసి, వ్యాన్ అత్త పర్సు తెరిచింది.

“వద్దమ్మా,” అన్నాడు ముసలాయన. “రాత్రి కాస్త నిద్ర పడితే చాలు, అదే నా కూలి. వెళ్ళు, పిల్లలు ఎదురుచూస్తుంటారు.”

బండి చప్పుడు లేకుండా సాగిపోయింది. ఆ సంతోషంలో పదకొండు మందినీ ఇళ్ళకి చేర్చి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. కమిషన్ మనిషన్న మాటకి క్షమించమనలేదు. కనీసం ఆయన పేరైనా అడగలేదు. వారమంతా అదే బాధ.

ఆదివారం ఆయనకని కొత్త చెప్పుల జత కొని షెడ్డుకి వెళ్ళింది.

బల్ల ఖాళీగా ఉంది. లోపల ఓనరు ఎవరికో పగిలిన గొట్టం చేతిలో పెట్టి, “ఇదిగో, మీ బండిలోంచి తీసింది. మీ ఎదురుగానే కదా విప్పాను,” అంటున్నాడు. వ్యాన్ అత్త తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది.

ఎదురుగా టీ కొట్టావిడని అడిగింది.

“ఆయనా? ఇక ఇక్కడికి రాడమ్మా. మీరు వెళ్ళిన మర్నాడే ఆ చక్రాన్ని ఓనరు చేతే కాలవలో వేయించాడు. ఇక్కడ నా పనైపోయిందన్నాడు. ఊళ్ళో ఇంకా నాలుగు షెడ్లలో అలాంటి చక్రాలున్నాయట. ఇప్పుడు వంతెన పక్కనున్న షెడ్డు ముందు కూచుంటున్నాడు.”

వ్యాన్ అత్తకి ప్రాణం లేచొచ్చింది. చెప్పులు పక్క సీట్లో పెట్టి తాళం తిప్పింది. అంతలో ఏదో తట్టి, తల బయటికి పెట్టింది.

“అవునూ, ఏ షెడ్డులో చక్రముందో ఆయనకెలా తెలుసు?”

“తెలియకేం తల్లీ!” అంది టీ కొట్టావిడ, గ్లాసులు కడుగుతూ. “ఆ ఓనర్లందరికీ పని నేర్పిన గురువు ఆయనే. ఆ చక్రాలకి గీతలు పెట్టి, ఒక్కొక్కరి చేతికీ ఇచ్చిందీ ఆయనే.”