బంధువులకు మాత్రమే

"పేషెంటుకి మీరేమవుతారు ఆంటీ?"

నర్సు అడిగిన ప్రశ్నకు నెనీతా చేతిలోని సంచీని రెండో చేతిలోకి మార్చుకుంది.

"పనిమనిషిని. వాళ్ళింట్లోనే ఉంటాను."

"ఏమనుకోకండి. ఐసీయూలోకి బంధువుల్ని మాత్రమే పంపుతాం. వాళ్ళ చెల్లెలు గారు లోపలున్నారు, రాగానే అడగండి."

తలుపు మూసుకుంది. నెనీతా వెళ్ళి బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి గంజి గిన్నె తీసి ఒళ్ళో పెట్టుకుంది.

లోపలున్న కిమ్‌హాక్ సింగపూర్‌లో సిటీ బస్సులు నడిపి రిటైరైన మనిషి. మంచాన పడ్డ తల్లిని చూసుకోవడానికి నెనీతాను ఫిలిప్పీన్స్ నుంచి తెప్పించుకున్నాడు. తల్లి పోయాక కూడా ఆమెను పంపేయలేదు. ఈ వయసులో తనకూ ఓ మనిషి సాయం కావాలని చెల్లెలితో చెప్పాడు. మొన్న పొద్దున్న ఆయన స్నానాల గదిలో కూలబడిపోతే ఆంబులెన్సును పిలిచింది నెనీతాయే. వాళ్ళు స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే చూడటమే, మళ్ళీ ఆయన మొహం చూడలేదు.

"ఆ గంజి ఎవరికక్కా?" పక్కన కూర్చున్న ఆమె అడిగింది. పేరు థుయ్. వియత్నాం నుంచి ఇక్కడివాణ్ణి పెళ్ళాడి వచ్చింది. గుండెపోటు వచ్చిన భర్త లోపలున్నాడు.

"సార్‌కి. చేపముక్కలేసి కాచాను. వాసనకైనా కళ్ళు తెరుస్తారేమోనని."

"ముక్కులో గొట్టాలు పెట్టాక ఇంకేం వాసనక్కా! ఇటివ్వు, నేను తాగుతాను. పొద్దుట్నించీ మంచినీళ్ళ మీదున్నాను."

నెనీతా మూత తీసిచ్చింది. థుయ్ ఊదుకుంటూ సగం తాగింది.

"నువ్వు అదృష్టవంతురాలివక్కా. పనిమనిషికి యజమాని ఇన్సూరెన్సు కట్టి తీరాలి. నాకేముంది? మొగుడు ఇక్కడివాడు, కొడుకు ఇక్కడివాడు. వాళ్ళకి ఆస్పత్రిలో సర్కారు రాయితీ. నేనేమో యేటా వీసా పొడిగించుకునే చుట్టాన్ని! పిత్తాశయంలో రాళ్ళున్నాయి. తీయించుకోవాలంటే నాకు రాయితీ లేదు, మొత్తం ఖర్చు మేమే పెట్టుకోవాలి. ఈయనకేమన్నా అయితే ఆ వీసా కూడా ఎవరు పొడిగిస్తారో తెలీదు."

"నాకు పోయినేడు గర్భసంచి తీసేశారు. ఇన్సూరెన్సులోనే అయిపోయింది."

"చూశావా మరి! పెళ్ళాన్నై రావడం కంటే పనిమనిషినై వచ్చుంటే హాయిగా ఉండేది."

ఇద్దరూ నవ్వారు. అటుగా వెళ్తున్న నర్సు వెనక్కి తిరిగి చూసింది.

"నీకు పెళ్ళయిందా?" థుయ్ గొంతు తగ్గించింది.

"అయింది."

"మీ దేశంవాణ్ణే చేసుకుని మంచి పని చేశావులే. మా బ్లాకులో ఓ పనమ్మాయి ఇక్కడివాణ్ణి ప్రేమించి చేసుకుంది. పనిమనుషులు సర్కారు అనుమతి లేకుండా ఇక్కడివాళ్ళని చేసుకోకూడదట. పని పర్మిట్ పీకేసి విమానమెక్కించారు. మళ్ళీ రానివ్వలేదు. పాపం, మీ ఆయన ఒక్కడే ఉంటున్నాడా?"

"ఒక్కడే ఉన్నాడు" అంది నెనీతా, గంజి గిన్నెకు మూత పెడుతూ.

ఇంతలో తలుపు తెరుచుకుంది. కిమ్‌హాక్ చెల్లెలు గ్వాట్ ఎంగ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చింది.

"లాభం లేదన్నారు. మిషన్లు తీసేయమని చెప్పాను. నేను తప్ప ఆయనకింకెవరున్నారు, చెప్పడానికి?"

నెనీతా గిన్నె పక్కన పెట్టి లేచింది. "ఒక్కసారి చూస్తాను మేడమ్" అంది.

"నువ్వు చూసి ఏం చేస్తావే? సరే, నేను చెప్తాను పద. తొందరగా వచ్చేయ్."

లోపల దుప్పటి పక్కకు జరిగి ఆయన పాదాలు బయటికున్నాయి. నెనీతా వాటిని రెండు చేతులతోనూ పట్టుకుంది. చల్లగా ఉన్నాయి.

"సార్" అంది.

"మాట్లాడండి ఆంటీ, వినపడుతుందేమో" అని నర్సు పక్క మంచం వైపు తిరిగింది. అప్పుడు నెనీతా వంగి, తన భాషలో ఆయన చెవిలో ఏదో చెప్పింది.

బయటికొచ్చాక గ్వాట్ ఎంగ్ భుజం తట్టింది. "ఊరుకో. నీకింకో ఇల్లు చూసిపెడతాలే."

శవపేటికను వాళ్ళ అపార్ట్‌మెంట్ బ్లాకు కింద ఖాళీ జాగాలో ఉంచారు. సంతాపానికి గుర్తుగా ఇంటివాళ్ళందరి జబ్బలకీ నల్లగుడ్డ ముక్కలు గుచ్చారు. నెనీతాకు గుచ్చలేదు. వచ్చినవాళ్ళకు ఆమె వేరుశనక్కాయలు, టీలు అందించింది. "కిమ్‌హాక్‌కి మంచి పనిమనిషి దొరికింది" అన్నారు కొందరు. "ఇంకాస్త వేడిగా ఉంటే తే" అన్నారు ఇంకొందరు. దహనానికి వెళ్ళే బస్సులో చుట్టాలే కిక్కిరిశారు. నెనీతా ఉండిపోయి, కుర్చీలు మడిచి, నేల ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

మర్నాడు గ్వాట్ ఎంగ్ ఇల్లు సర్దడానికి వచ్చింది.

"నీ పర్మిట్ రద్దుకి చెప్పేశాను. ఆదివారం విమానం. మా స్నేహితురాలికి మనిషి కావాలంది, ఉంటావా?"

"వద్దు మేడమ్. వెళ్ళిపోతాను."

"అవునులే, మీ ఆయన ఎదురుచూస్తుంటాడు. నీ పెళ్ళికని మా అన్నయ్య మీ ఊరొచ్చాడుగా! తిరిగొచ్చాక నెల్లాళ్ళు అవే కబుర్లు. ఆ మనిషి అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూళ్ళేదు."

"అవును మేడమ్. వచ్చారు."

"పోయే ముందు నీకేమన్నా కావాలా?"

నెనీతా తెరిచున్న బీరువా వైపు చూసింది. "ఆ చొక్కాలు పట్టుకెళ్తాను."

"మా అన్నయ్యవా? అన్నీ పాతవే కదే! అయినా ఆయన పొడగరి. మీ ఆయనకు సరిపోతాయా?"

"సరిపోతాయి మేడమ్."

అవి ఆమె భర్త చొక్కాలే.