కొత్తాయన అనుమతి

“ఈ ప్రోగ్రామ్ ఎక్కించడానికి మీకు అనుమతి లేదు. అడ్మినిస్ట్రేటర్‌ని అడగండి.”

పొద్దున్నుంచి ఇదే వరస. ఎటు నొక్కినా తెర మీద అదే మాట, దాని కింద పాస్‌వర్డ్ కోసం నోరు తెరుచుకున్న ఖాళీ గడి.

“అడ్మినిస్ట్రేటరట, గాడిదగుడ్డు,” అంది అమ్మాయి.

ఇళ్ల ప్లాన్లు గీసే కోర్సు చేస్తోంది. ఆఖరి పరీక్షకి సొంతంగా ఒక ఇంటి ప్లాను గీసి పంపాలి. అది పంపితేనే సర్టిఫికెట్టు, దాని వెనకే ఉద్యోగం. ఆ గీసే ప్రోగ్రామేమో ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కనంటోంది.

“పాస్‌వర్డ్ ఏంటమ్మా?”

“నన్నడిగితే? నాకా పెట్టె ఆన్ చెయ్యడమే రాదు. ఆయన్నడుగు.”

ఆయనంటే కొత్తాయన. నాన్న పోయిన రెండేళ్లకి అమ్మ పెళ్లి చేసుకున్న మనిషి. ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. అమ్మాయి ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవదు. స్నేహితులతో చెప్పేటప్పుడు మాత్రం ‘మా ఇంటి కొత్తాయన’ అంటుంది. కొత్త చెప్పు కూడా నాలుగు రోజులకి కరవడం మానేస్తుంది. ఈయన కొత్తదనం ఏడేళ్లయినా పోలేదు.

ఆ కంప్యూటర్ నాన్నది. చిన్నప్పుడు అమ్మాయికి అందులో ఒక ఖాతా పెట్టిచ్చాడు. బొమ్మలు వేసుకోవచ్చు, కొత్తవేవీ ఎక్కించకూడదు. ఇప్పుడు సాయంత్రమైతే దాని ముందు కొత్తాయన కూర్చుంటాడు, నాన్న కుర్చీలోనే. నాన్న ఖాతాలోకి కూడా దూరిపోయాడని అమ్మాయి నమ్మకం. ఆ వీపు చూస్తేనే ఆమెకి ఒళ్లు మండుతుంది.

“పాస్‌వర్డ్ చెప్పండి,” అంది ఆయన రాగానే.

“నాకు తెలీదమ్మా.”

“రోజూ దాని ముందే కూర్చుంటారుగా?”

“కూర్చుంటాను. తెలీదు.”

“పోనీ షాపుకి తీసుకెళ్లి లాక్ తీయిస్తాను.”

“వద్దు.”

ఆయన ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. వెంటనే గొంతు తగ్గించాడు.

“వద్దు తల్లీ. మా ప్రెస్సులో మంచి కంప్యూటరుంది. ఓనరుతో నేను మాట్లాడతాను. అక్కడికొచ్చి గీసుకో.”

“ఇంట్లో ఉండగా ఇంకోళ్ల గుమ్మం ఎక్కడం దేనికి?”

ఆయన చేతిలో సంచి మేకుకి తగిలించాడు.

“ఇది మా నాన్న కంప్యూటర్. దీని మీద పెత్తనం చెయ్యడానికి మీరెవరు?”

అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. కొత్తాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“ఎవర్నీ కాదమ్మా. అందుకే వద్దంటున్నా.”

వెటకారం అనుకుంది అమ్మాయి.

గతిలేక ప్రెస్సుకే వెళ్లింది. సెలవు రోజుల్లో ఆమె లోపల గీసుకుంటుంటే, ఆయన బయట కాగితాల కట్టల మీద కూర్చునేవాడు. మధ్యలో ఒకసారి వచ్చి టీ గ్లాసు ఆమె మోచేతి పక్కన పెట్టి వెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె కావాలనే నాలుగడుగులు ముందు నడిచేది.

ప్లాను పూర్తయింది. ఉద్యోగమూ వచ్చింది. ఆ సంగతి ఆమె అమ్మకి చెప్పింది. ఆయనకి అమ్మ చెప్పింది.

“మంచి మాట,” అన్నాడట.

ఆ తర్వాత ఆయన ఎన్నాళ్లో లేడు. ఒక మధ్యాహ్నం ప్రెస్సులో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అమ్మ ఏడ్చింది. అమ్మాయికి ఏడుపు రాలేదు. రానందుకు కొంచెం భయం మాత్రం వేసింది.

నెల తిరిగాక కంప్యూటర్ని రిపేరు షాపుకి మోసుకెళ్లింది.

“మా ఇంట్లో ఒకాయన దీనికి తాళం వేసి కూర్చున్నాడు. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్లు లేరు. అన్నీ పీకేయండి.”

మెకానిక్ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది ప్రూఫుల మాస్టారిది కదూ? బావున్నారా?”

“పోయారు.”

అతను చేతిలో స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు.

“ఈ తాళం ఆయనది కాదమ్మా. అధికారమంతా మీ నాన్నగారి ఖాతాకే ఉంది. పాస్‌వర్డ్ ఆయనతోనే పోయింది. మీరు కోర్సులో చేరినప్పుడే మాస్టారు దీన్ని నా దగ్గరికి తెచ్చారు. తాళం పగలగొట్టి మీ పేరు పెట్టేస్తాను, ఎంతసేపు పని అన్నాను.”

“మరి?”

“మీ నాన్నగారు తన ఫొటోలూ రాతలూ ఆ పాస్‌వర్డ్‌కే ముడిపెట్టి భద్రం చేసుకున్నారు. ఇది పగలగొడితే అవి ఇంకెప్పటికీ తెరుచుకోవు. ఆ మాట చెప్పగానే మాస్టారు పెట్టె చంకలో పెట్టుకుని లేచారు. ఉండనీ, ఎప్పటికైనా తెరిచే దారి దొరక్కపోదు అన్నారు.”

“నాకెందుకు చెప్పలేదు?” అంది అమ్మాయి.

“నేనూ అదే అడిగాను. చెబితే ఆ పిల్ల చదువు కోసం సరే అనేస్తుంది, తర్వాత బతుకంతా ఏడుస్తుంది, దానికన్నా నన్ను తిట్టుకోవడమే నయం అన్నారు.”

ఇప్పుడొచ్చింది ఏడుపు. షాపులో, నలుగురి ముందూ. ఆపుకోవాలని కూడా ఆమెకి అనిపించలేదు.

“పాస్‌వర్డే తెలీకపోతే, మరి రోజూ అందులోకి ఎలా వెళ్లేవారు?” అంది చాలాసేపటికి, ఆ ఒక్క తప్పయినా ఆయన మీద మిగలాలన్నట్టు.

మెకానిక్ తెరని ఆమె వైపు తిప్పాడు.

“ఏడేళ్లూ ఆయన వాడుకున్నది, ఇంటికి వచ్చీపోయేవాళ్ల కోసమని మీ నాన్నగారు తెరిచి ఉంచిన గెస్ట్ ఖాతానమ్మా.”