మర్రిగూడ నుంచి వసంత్ కుమార్

“ఇయ్యాల మల్ల ఆ పేరు సదివిండ్రంటే, చిట్టి పెండ్లి ఆగినట్టే!”

పొయ్యి ముందు కూర్చుని చిట్టి వాళ్ళమ్మ పైకే అనేసింది. రేడియో ఇంకా పెట్టనే లేదు.

ఆదివారం మధ్యాహ్నం కోరిన పాటలు వస్తాయి. పాటకన్నా ముందు, కోరినవాళ్ళ పేర్లు చదువుతారు. ఆ ఏడాది పడుచు పిల్లలకు అదో పిచ్చి పట్టుకుంది. పోస్టుకార్డు మీద తమ పేరు రాయడం, పక్కనే మనసులో ఉన్న పేరు రాయడం, ఎవరూ చూడకుండా డబ్బాలో వేయడం. రెండు పేర్లూ కలిసి రేడియోలో వినబడితే సగం పెళ్ళి అయిపోయినట్టే. పైగా మగపిల్లలు చాలామంది సొంత పేరు రాయరు. పత్తి చేలో పురుగుమందు కొట్టే బీరన్న, రేడియోలో ‘కిరణ్ బాబు’.

రెండు ఆదివారాలుగా వస్తోంది: “మర్రిగూడ నుంచి వసంత్ కుమార్, మంజులత.”

మొదటిసారి విన్నప్పుడు చిట్టి వాళ్ళమ్మ చేతిలోంచి గరిటె జారింది. చెంపలు వేడెక్కాయి. భయం వల్లనే అనుకుంది. మర్రిగూడ మొత్తానికి మంజులత అనే పేరు ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరూ ఈ ఇంట్లోనే ఉన్నారు. వసంత్ కుమార్ అనేవాడు మాత్రం ఊళ్ళో ఎక్కడా లేడు.

చిట్టికి హాలియా ఊరి సంబంధం దాదాపు కుదిరింది. ఆ పిల్లవాడి చెల్లెలు రేడియోకు చెవి అంటించుకునే ఉంటుందట. వింటే?

“నువ్వేమన్న రాసినవానే?” అని కూతుర్ని నిలదీసింది.

“ఒట్టు అమ్మా, నేను రాయలె.” చిట్టి నవ్వాపుకోలేకపోతోంది. “అయినా రేడియోల పేరొస్తే మంచిదే గదా? దేశమంత ఇంటది.”

“నా ఫికర్ దేశం గురించి గాదే, హాలియా గురించి! చండూరు పోరడు, మునుగోడు పిల్ల గిట్లనే పేర్లు గలుపుకున్నరు. ఆఖరికి ఏమైంది? గుళ్ళె దండలు మార్చుకున్నరు.”

“మంజులత గట్ల దండ పట్టుకొని ఉరుకుతదా అమ్మా?”

“నోర్ముయ్!”

మనసు ఊరుకోలేదు. కూర దించి, కొంగు సవరించుకుని సైకిల్ షాపు మెహమూద్ దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళో రేడియోకు అందరికన్నా ఎక్కువ కార్డులు రాసేది అతనే.

“నిజం జెప్పు. ఆ వసంత్ కుమార్‌వి నువ్వేనా?”

మెహమూద్ గాలి కొడుతున్న పంపు వదిలేశాడు. “తోబ తోబ! వదినా, నేను మెహమూద్ అనే రాస్త. వేరే పేరు రాస్తే ఇన్నోల్లు నాకు సలాం జేస్తరా, ఆ వసంత్ కుమార్‌కు జేస్తరా?”

“మరి ఎవడు?”

“ఎవడన్న గానీ, నసీబున్నోడు. నేను ఎన్ని రాసినా పండుగకొక్కటి సదువుతరు. ఆనియి వరుసవెట్టి సదువుతాండ్రు.”

అతని గొంతులో కుళ్ళు తప్ప జాలి లేదు. ఆమె తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది.

చిట్టి నాన్న ఎల్లయ్య అప్పటికే చేను నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఈమధ్య ఆదివారాలు ముందే వస్తున్నాడు. మాటలు తక్కువ మనిషి.

“చిట్టీ, నీళ్ళు,” అన్నాడు.

భార్యే తెచ్చి ఇచ్చింది. చిలకపచ్చ చీర కట్టుకుని ఉంది. ఆదివారం కదా, ఎవరైనా రావచ్చు. ఇంత భయంలోనూ కొప్పులో చామంతి ఎందుకు తురుముకుందో ఆమెకే తెలియదు.

“ఇయ్యాల రేడియో పెట్టకయ్యా,” అంది.

ఎల్లయ్య అప్పటికే దాని చెవి మెలేశాడు.

పేర్లు మొదలయ్యాయి. దేవరకొండ అయింది. అచ్చంపేట అయింది.

“మర్రిగూడ నుంచి వసంత్ కుమార్, మంజులత.”

చదివినావిడ ఈసారి ‘మంజులత’ దగ్గర కాస్త రాగం కూడా తీసింది. చిట్టి వాళ్ళమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి రేడియో ఆపేసింది. చిట్టి ఓణీ నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తింది.

“ఇన్నవా? ఏమయ్యా, ఇన్నవా? ఇంటి ఆడిదాన్ని ఎవడో బజార్ల నిలవెట్టి పిలుస్తుంటే నీకు పట్టదా? లే. కట్టె దీస్కొ. ఆ వసంత్ కుమార్‌గాడు ఏడున్నా ఎతికి కాళ్ళిరగ్గొట్టు. ఆనెంక హాలియా పోదాం. మాకేం దెల్వదని ఆళ్ళ కాళ్ళు వట్టుకుందాం. సంబంధం పోతే బిడ్డ మొగం ఎట్ల జూస్తం?”

ఎల్లయ్య కదల్లేదు. వేలితో అరుగు మీద గీతలు గీశాడు. బీడీ తీశాడు, ముట్టించకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“నిన్నేనయ్యా! జర నోరు దెర్వు. ఎవడాడు?”

ఆమె అరిచింది. బతిమాలింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎల్లయ్య చెవులు ఎర్రగా కందిపోయాయి.

“పెండ్లయినకాన్నించి నలుగురి ముంగట నిన్ను పేరువెట్టి పిలుద్దామంటే సిగ్గయితాంది మంజులతా,” అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే, “అందుకే రేడియోతోటి పిలిపిచ్చిన.”