వాండిలే తొలి కారు

“ముందు దిగరా, వాండిలే. బేరం సంగతి తరవాత.”

బాబాయి ఆ మాట అనడం అది మూడోసారి. వాండిలే స్టీరింగు వదల్లేదు. ఎన్నేళ్లు టాక్సీలు కడిగితే చేతికందిన మొదటి దూకుడు బండి! ఎర్రది, టర్బోది. హోవిక్‌లో పాత కార్లు అమ్మేవాడు ఒక చుట్టు తిప్పి చూసుకోమని తాళం చేతికిచ్చాడు. ఈ రోడ్డు మలుపు దాకా గాలిలా వచ్చాడు. అప్పట్నుంచీ ఇక్కడే కూర్చుని మురిసిపోతున్నాడు. ఎంతసేపైందో తనకే గుర్తులేదు.

“దీని ఊపు చూశావా బాబాయ్? కాలు ఇలా ఆనిస్తే చాలు, లేచిపోతోంది!”

బాబాయి కారు వంక చూడనే లేదు. జీవితమంతా మెకానిక్కుగా బతికినవాడు, కారు కనపడితే బానెట్ ఎత్తకుండా ఉండలేని మనిషి. ఇవాళ చేతిలో ఏదో ముళ్లకొమ్మ పట్టుకుని, వాండిలే భుజం పక్కగా ఎటో చూస్తున్నాడు.

“మొదటి కారుకి పరుగు చూడకూడదురా. ఆగడం చూడాలి. ముందు బ్రేకులు, తరవాత టైర్లు, ఆ తరవాతే ఇంజిను. చిలక్కి చెప్పినట్టు చెప్పానే!”

“అన్నీ అడిగాను. బ్రేకులు కొత్తవేనట.”

“అరిగిన టైరు తడి రోడ్డు మీద ఎవరి మాటా వినదురా. నన్ను వెంట తీసుకెళ్లి ఉంటే నీకు మెత్తటి బండి చూసి పెట్టేవాణ్ని.”

తనొకటి అంటే ఆయనొకటి అంటున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వ్యవహారం. పైగా బాబాయి గొంతు జీరబోయింది. కార్ల విషయంలో ఆయన తిట్టడం తెలుసు గాని ఏడవడం వాండిలే ఎప్పుడూ చూడలేదు.

మలుపు దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చే అవ్వ, బాబాయి మాటలు విని తల దించుకుంది.

“అవ్వా, ఒక పొత్తు ఇలా పడెయ్! లేతది చూడు!”

ఆమె నిప్పుల మీద నీళ్లు చల్లి గంప సర్దుకుంది. వచ్చేపోయే బళ్లన్నీ అక్కడికి రాగానే నెమ్మదించి, తరవాత జోరందుకుంటున్నాయి.

“ఇంటికి పదరా,” అన్నాడు బాబాయి. “మీ అమ్మ పరుపు మీంచి లేవడం లేదు. నిన్ను వెంటపెట్టుకుని రాకపోతే గడప తొక్కొద్దంది.”

“అమ్మకేమైంది? అయితే కారులోనే పోదాం. ఎక్కు!”

“చీకటి పడేలోగా కదలకపోతే ఇక్కడే ఉండిపోతావురా, జోండి ఇంటి బిడ్డా. ఈ చలిలో, ఒంటరిగా. తలుచుకుంటేనే నా గుండె చెరువైపోతోంది.” ఆయన రోడ్డు పక్క మట్టిలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. “నీ కోసం మేకను కోశాం. శనివారానికి బండి కూడా మాట్లాడాం. నల్లది, అద్దంలా మెరిసేది. ఎదురొచ్చేవాళ్లంతా ఆగి దారిస్తారు.”

వాండిలే మొహం విప్పారింది.

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! ఎన్ని సిలిండర్లు?”

బాబాయి లేచి ముళ్లకొమ్మను ముందుకు చాచాడు. వాండిలే స్టీరింగు వదిలేశాడు. తలుపు తీసిన గుర్తు లేదు, కానీ ఆయన పక్కన నిలబడి ఉన్నాడు.

“రోడ్డు దాటుతున్నాం, వాండిలే. ఇదిగో టాక్సీ. ఎక్కు. కిటికీ పక్కన కూర్చో, నేను నీ పక్కనే ఉంటా.”

చంటిపిల్లాడికి చెప్పినట్టు చెబుతుంటే వాండిలేకి నవ్వొచ్చింది. పొత్తుల అవ్వ కూడా గంపతో వెనక ఎక్కింది. టాక్సీ కదిలింది.

“నది దాటుతున్నాం. వెనక్కి చూడకు.”

చూడొద్దంటే ఆగే రకమా! తిరిగి చూశాడు. మలుపు దగ్గర ఎర్ర కారు లేదు. విరిగిన రెయిలింగు, దాని కింద నల్లగా మాడిన గడ్డి ఉన్నాయి.

ముందు సీట్లోంచి డ్రైవరు అడిగాడు. “పెద్దాయనా, రెండు సీట్లకి డబ్బిచ్చావు. రెండోవాళ్లేరీ?”

“ఏం, కళ్లు కనపడవా?” అన్నాడు వాండిలే.

బాబాయి ముళ్లకొమ్మను కిటికీ వైపు సర్దాడు.

“నిన్నే అడిగేది!” అన్నాడు డ్రైవరు. “ పలికితే ముత్యాలు రాలతాయా?”

“ఆయన్ని పలకరించకు నాయనా,” అంది అవ్వ మెల్లగా. “ఇల్లు చేరేదాకా ఆ కొమ్మ పట్టుకుని వస్తున్న పిల్లాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. మాట తెగిందంటే వాడు మళ్లీ మలుపు దగ్గరికే వెళ్లిపోతాడు.”

“ఏ పిల్లాడు?”

“మొన్న అక్కడ చచ్చిపోయినవాడు.”